నూట పన్నెండో పేజీ

లెనిన్ సెంటర్లో ఇరవై రూపాయలకు దొరికిందట.
అట్ట లేదు. నా పేరున్న పుట కూడా లేదు.
అయినా ఆరా తీసుకుంటూ వచ్చింది రాహేలు
గవర్నర్‌పేటలో మూడంతస్తులెక్కి,
చెప్పులు గుమ్మం బయట విడిచి.

"ఇది మీరు రాసిందేనా?"

నూట పన్నెండో పేజీ మూల మడిచి ఉంది.
ఆదివారం తెల్లారుజామున బుడమేరు గట్టు తెగుతుంది.
దేవసహాయం అనే ఆటోడ్రైవరు
పైపుల రోడ్డు దగ్గర బండి వదల్లేక
హ్యాండిల్ పట్టుకునే పోతాడు.
నీళ్ళు తీశాక మీటరు మీద నలభై ఎనిమిది.

అది రాసి ఇరవై ఆరేళ్ళు.
ఆమె భర్త పోయి నలభై రోజులు.
ఆయన పేరూ దేవసహాయమే.

ఏం చెప్పను?
బుధవారం లోపు వారపత్రికకు ఎనిమిది పేజీలు కావాలి.
హీరోని చంపితే సీరియల్ ఆగిపోతుంది,
పక్కవాణ్ణి చంపాను.
పేరు ఎదురుగోడ మీది సువార్త సభల పోస్టరులోది.
నలభై ఎనిమిది ఆ నెల టీకొట్టు బాకీ.
ఇక బుడమేరంటారా,
అది పొంగుతుందనడానికి జోస్యమెందుకు,
ఈ ఊళ్ళో పుడితే చాలు.

అంతా విని తలూపింది.
"మీటరు చెడిపోయి ఏడేళ్ళండి," అంది మెల్లగా.
"ఎప్పుడు చూసినా నలభై ఎనిమిదే."

స్టేషను ముందు చిలకజోస్యం గురవయ్య
ఇప్పటికీ ఛాతీ విరుచుకుంటున్నాడు:
"వరదకి ముందు వారమే చెప్పా, నీటిగండమని!"
నిజమే. ముప్పై ఏళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాడు.
ఆ ఆదివారం పంజరం నీళ్ళలోనే పోయింది.
ఇది కొత్త చిలక,
ఇంకా ఒక్క కార్డే తీయడం వచ్చు.

ప్రతి వానాకాలం బ్యారేజీ మీద జనం
కొండవైపు తలెత్తి లెక్కలేస్తారు
నీళ్ళకీ అమ్మవారి ముక్కుపుడకకీ మధ్య ఎన్ని మెట్లో.
అందలేదని ఇంటికి మళ్ళేటప్పుడు
అది ఊరటో, నిరాశో
మొహాలు చూసి పోల్చుకోలేం.

నేను పదిహేడు నవలలు రాశాను.
బెంజ్ సర్కిల్ మీద విమానం కూల్చాను.
గుణదల కొండని రెండుగా చీల్చాను.
ఆటోనగర్లో ఇనుము తినే పురుగుని వదిలాను.
ఒక్కటీ జరగలేదు.
జరగనివాటి మూలలు ఎవరూ మడవరు.

ఇవన్నీ అప్పగించేద్దామనుకున్నా ఆమెకి.
ఆమె వచ్చింది వేరే పనిమీద.

"పుస్తకంలో ఆఖర్న ఆయన ఏవన్నా అన్నాడా?
మా దగ్గర చూసినోళ్ళు ఎవరూ లేరండి."

వెతికాను. సగం వాక్యం ఉంది:
ఎవరినో పిలవబోయాడు, నోట్లోకి నీళ్ళొచ్చాయి.
ఎవరినో రాయలేదు.
ఆ వారం చోటు చాల్లేదు.

పెన్ను తీసి అంచున ఆమె పేరు రాశాను.
వేలుపెట్టి కూడబలుక్కుని చదువుకుంది,
ఇంకు ఆరేదాకా పుస్తకం మూయలేదు.

ఆమె మెట్లు దిగాక
బల్లమీద కొత్త నవల, తొమ్మిదో అధ్యాయం.
అర్ధరాత్రి, కృష్ణ మీద వంతెన, రైలు,
మూడో పెట్టెలో పెళ్ళివారు.
జరగదని తెలుసు. లెక్క తెలుసు.
అయినా కొట్టేసి, మళ్ళీ రాసి,
బండిని నెమ్మదిగా నది దాటించాను.
కృష్ణా కెనాల్ స్టేషన్లో
టీ అమ్మే కుర్రాడితో సహా
ఒక్కొక్కళ్ళనీ లెక్కపెట్టి దింపాను.

ఉదయం ఎడిటర్ ఫోను:
"ఏం జరగలేదేంటండీ ఇందులో?"