ఇనుప చెయ్యి

కంచరపాలెం క్వార్టర్స్‌లో రాత్రి పదకొండు.
డ్యూటీ దిగాను, బెల్టు విప్పలేదు.
మా గుంటడు జపాన్ బొమ్మల సీరియల్ పెట్టాడు.

అందులో పోలీసుకి చెయ్యి ఇనుముది, కన్ను కెమెరాది.
నియాన్ వానలో ఎవడో పరిగెడతాడు.
కోర్టు లేదు, కాగితం లేదు,
ఆ కంట్లో ఎర్రగీత పడితే చాలు
తల పేలిపోతుంది.
నెత్తురు కూడా ఎంత అందంగా గీశారో!

వాడు చప్పట్లు కొట్టాడు.
నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

"నాన్నా, నీకూ అలాంటి చెయ్యుంటే?"

ఉంది నాయనా.
వేట నిషేధం రోజుల్లో, ఫిషింగ్ హార్బర్ దగ్గర
డీజిల్ దొంగనుకొని ఒకణ్ణి కొట్టాను.
మైలపల్లి పోలయ్య. వల కుట్టే వేళ్లు.
దొంగ వేరేవాడని తెల్లారాక తెలిసింది.
ఆ వేళ్లనెవరూ గీయలేదు,
వెనకాల సంగీతం లేదు,
జెట్టీ మీద ఎండుచేపల వాసన, అంతే.

ఇదేదీ పైకి అనలేదు.

తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలైంది.
రిమోట్ నా చేతిలోనే ఉంది. కట్టెయ్యలేదు.
చచ్చినవాడు నిర్దోషని
ఎక్కడైనా తేలుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.

"తేలదు నాన్నా," అన్నాడు వాడు ఆవలిస్తూ,
"హీరో ఎప్పుడూ తప్పువాణ్ణి కాల్చడు."