ఏడో నంబరు మెషీన్

ఎర్దెనెత్‌లో నవంబరంటే
తలుపు గొళ్ళేనికి వేలు అంటుకుపోయే కాలం.
రాగి గనిలో షిఫ్టు దిగినవాళ్ళు, బడి ఎగ్గొట్టినవాళ్ళు
గొంబోసురేన్ గేమ్ సెంటర్‌లో దూరి
పన్నెండు మెషీన్ల వేడికి చలి కాచుకుంటారు.
అక్కడ రిపేర్లు నావి.
నా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు, రెండు మరలు
(ఏ మెషీన్‌వో నాకే గుర్తులేదు).

ఆ శనివారం ఓనరు చిన్న డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.
"ఇది బిగిస్తే ఆట పరిగెడుతుందట?"
విప్పాను. ఎస్‌ఎస్‌డి.
అగ్గిపెట్టె కంటే పలచన.
ఊపితే చప్పుడు లేదు, చెవికి ఆనిస్తే లేదు.
"ఖాళీ డొక్కు అంటగట్టలేదు కదా" అన్నాడాయన,
బిల్లు వంక ఇంకోసారి చూసుకుంటూ.

డబ్బు ఒక్కదానికే సరిపోయింది. ఏడో నంబరుకి పెట్టాం.
కొలిచి, ఉన్నమాట చెప్పాను:
ఫ్రేములు నలభై ఒకటి.
నిన్నా అంతే, ఇవాళా అంతే.
బొమ్మ వండేది గ్రాఫిక్స్ కార్డు,
ఇది సరుకు అందించే చెయ్యి.
అందించేవాడు ఎంత చురుకైనా
వంటవాడి చేతివాటం మారదు.
కాకపోతే
నిమిషం పదకొండు సెకన్ల లోడింగు
తొమ్మిదిలో తేలిపోయింది.
కొత్త వీధి మలుపులో
గొంతుకు ముద్ద అడ్డంపడ్డట్టు ఆగే ఆట
ఇప్పుడు ఆగట్లేదు.

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కేసి
"అంటే ఇన్నేళ్ళూ ఊరికే కూచోబెట్టి కూడా
గంటకింతని తీసుకున్నానన్నమాట" అన్నాడు.
కాసేపాగి,
"ఎవరితో అనకు."

సాయంత్రం ఓయూంగెరెల్ వచ్చింది.
పదహారేళ్ళు. ఏడో నంబరు ఆమెది,
వేరేవాళ్ళు కూచుంటే వెనక నిలబడి లేపేస్తుంది.
బటన్ నొక్కి, నా వైపు తిరిగింది.
"దమ్దిన్ అన్నా, చచ్చిపోయిందా ఇది? ఊపిరి లేదు."
"బతికింది. ఇప్పుడే."

మంచు పట్టిన పడవల రేవు.
ఎప్పుడూ నిద్రలో దాటేసే చోటు.
అక్కడ చచ్చింది.
మళ్ళీ చచ్చింది.
మూడోసారి వెనక నుంచి ఎవరు పొడిచారో కూడా చూడలేదు.

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.
ఒక చెవికే పెట్టుకునేది ఎప్పుడూ,
ఓనరు "టైమైంది" అని అరిస్తే వినడానికనుకున్నాను.
"పాతది గరగరలాడేదన్నా,
వాళ్ళని తీసుకొచ్చే ముందు.
ఒక్క గుక్కలో అంటే ఇద్దరు.
ఆగి ఆగి గీరితే, పెద్దాడొస్తున్నాడని.
నేను రేవులో దిగేసరికే కత్తి తీసుండేదాన్ని."

నవ్వబోయి ఆగిపోయాను.
ఆరేళ్ళుగా ఆ గరగరకి మందు వెతుకుతున్నాను నేను.
మూత తీసి దుమ్ము ఊదాను, కింద రబ్బరు ముక్క పెట్టాను.
నేను అరుగుదల అనుకున్నదాన్ని
ఆమె కబురు అనుకుంది.

ఆమె నాలుగో నంబరుకి మారింది.
ఏడు కోసం పిల్లలు తోసుకున్నారు.
తొమ్మిది సెకన్లలో లేచి రేవుకెళ్ళి చావడం,
మళ్ళీ తొమ్మిది సెకన్లలో లేవడం.
ఇంత హాయిగా చావడం
ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ ఎరగరు.
"ఆట మెరుగైందా?" ఓనరు అడిగాడు.
ఎవరిదీ, అని అడగాలనిపించింది.
"జనం పెరిగారు కదా" అన్నాను.

డిసెంబరులో ఒకరోజు ఆమె ఏడుకే తిరిగొచ్చింది,
హెడ్‌ఫోన్ రెండు చెవులకీ పెట్టుకుని.
పొగమంచులో నీళ్ళ వంకే చూస్తూ కూచుంది చాలాసేపు.
దాటిందో లేదో నేను చూడలేదు,
రెండో నంబరు ఫ్యాను మొరాయించింది.

రాత్రి అన్నీ ఆర్పేది నేనే.
పదకొండు డిస్క్‌లు, ఒక్కోటీ గొణిగి గొణిగి
చుట్టు తగ్గించుకుని పడుకుంటాయి.
ఏడోదాని దీపం ఎప్పుడో మాడిపోయింది.
అది పడుకుందో లేదో తెలీక
గ్లవ్ తీసి
చెయ్యి పెట్టి చూస్తాను.