రిమార్కుల గడి

రిజిస్టరులో ఆరు గడులు:
తేదీ, వేళ, చెట్టు నంబరు, పక్షి పేరు, ఎన్ని,
చివర్న రిమార్కులు,
రెండు వేళ్ల వెడల్పు.
అందులో పట్టినంతే రాయమన్నారు రేంజరు గారు.
“కవిత్వం వద్దు లోకనాథం, లెక్క చాలు.”

లెక్కే రాశాను పదకొండేళ్లు.
తేలినీలాపురంలో సెప్టెంబరంటే
ముందు చప్పుడు, తర్వాత పక్షి.
నౌపడా ఉప్పుమళ్ల మీంచి
తడి గోనె దులిపినట్టు వినిపిస్తుంది,
తలెత్తితే గూడబాతు,
గొంతుకింద సంచిలో
ఎవరి చెరువు చేపో.

సైబీరియా నుంచి, అని బోర్డు మీద ఉంది.
ఆ బోర్డుకి రంగు వేసింది నేనే.
సైబీరియా ఎటుందో నాకు తెలీదు.
టెక్కలి బస్సు వచ్చే వైపు నుంచే వస్తాయి,
బస్సు కంటే వేళకి.

పద్నాలుగో నంబరు చింతచెట్టు
దువ్వారపు చామంతమ్మది.
పక్షులున్నన్నాళ్లూ కాయ కోయదు, కోయనివ్వదు.
ఆరేసిన చీర మీద సున్నం పడితే
మళ్లీ ఉతుక్కుంటుంది, తిట్టుకుంటూనే.
ఆ తిట్లు నేనెప్పుడూ రాయలేదు.

ఒకసారి గూట్లోంచి పిల్ల జారి
ఆమె కళ్లాపి మీద పడింది,
ముక్కు తప్ప ఏమీ లేని ఒళ్లు.
మూడు రోజులు గంప కింద దాచి
నెత్తళ్లు నోట్లో కుక్కింది.
నాలుగో పొద్దున గంప తియ్యకుండానే
తెలిసిపోయిందామెకి.
రాశాను: గూడబాతు, పిల్ల, ఒకటి తక్కువ.
ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని రాయబోతే
గడి అయిపోయింది.

అక్టోబరు తుఫాను రాత్రి
పలాస జీడితోటలు పడుకున్నట్టే
పద్నాలుగూ పడుకుంది.
తెల్లారేసరికి రంపాలొచ్చాయి.
మొద్దు ఇటికబట్టీకి, కొమ్మలు పొయ్యిలోకి,
గూళ్ల పుల్లలు ఎవరికీ అక్కర్లేదు.
ఆ రోజు పేజీ ఖాళీ.
రేంజరు గారు కూడా అడగలేదు.

మళ్లీ సెప్టెంబరు.
వచ్చాయి.
పెరటి మీద, చెట్టంత ఎత్తులో,
చెట్టు లేని చోట తిరిగాయి.
కొమ్మ ఉండాల్సిన చోటికి కాళ్లు చాపి,
రెక్కలు ముడవబోయి,
ఏమీ అందక పైకి లేచి
తప్పు చదివిన వాక్యాన్ని
మొదట్నుంచి మళ్లీ చదివినట్టు
మళ్లీ దిగాయి.

చామంతమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది.
“ఆటికి సెట్టు నేదని ఎవులు సెప్పాల?
రోజూ రాస్తన్నావు గదా బాబూ, నువ్వే సెప్పు.”

వాటి భాష నాకు రాదు.
నా భాషలోనూ ఆ మాట ఎక్కడుందో
ఎంత వెతికినా దొరకలేదు.
చెట్టు నంబరు: 14. చెట్టు: లేదు. ఎన్ని: పదకొండు.
ఇక అక్షరాలు గడి దాటి
మార్జిన్లోకి నడిచిపోయాయి:
చెట్టు ఎత్తు వాటికి ఇంకా గుర్తుంది.

ఆ మాట కింద రేంజరు గారు ఎర్రసిరా గీత గీశారు.
తప్పనో, బాగుందనో.

తర్వాతి ఏడు ఆఫీసు వాళ్లు ఇనప స్తంభం పాతారు,
పైన తట్టల్లాంటి పళ్లేలు.
దానికీ పద్నాలుగే వెయ్యమన్నారు, వేశాను.
రెండేళ్లు కాకులు కూర్చున్నాయి.
కాకులకి గడి లేదు.
చామంతమ్మ దండెం ఒక కొస దానికే కట్టింది.
నిరుడు ఒక ఎర్రకాళ్ల కొంగ
పుల్ల తెచ్చి పెట్టి, తల వంచి చూసి,
ఆ పుల్లనే ముక్కున కరుచుకుని వెళ్లిపోయింది.
వచ్చిందని రాయాలా, పోయిందనా?
రెండూ రాసి, రెండూ కొట్టేశాను.

ఇవాళ పొద్దున్నే వీధి చివరికి
చామంతమ్మ గొంతు.
కొత్త చీరట, నిన్ననే మడత విప్పిందట,
కొంగు నిండా సున్నం.
ఆకాశం కేసి చెయ్యి తిప్పుతూ
ఏడు తరాల్నీ ఎత్తి తిడుతోంది.

పైకి చూడకుండానే
రిజిస్టరు తీశాను.
ఆ తిట్టు ఉన్నదున్నట్టు
రిమార్కుల్లో రాస్తున్నాను.