చేపల రసీదు వెనక

ప్రశ్నలన్నీ చేపల కొట్టు రసీదు వెనక రాసుకున్నాను.
కాడ్ ముక్కలు ఒకటిన్నర కిలో, నిమ్మకాయలు రెండు:
ఆ సిరా ఇవతలికి దిగింది.

డాక్టరు బొమ్మ గీశాడు.
నత్తగుల్ల, దాని మెలికల్లోకి జారే సన్నని తీగ,
చర్మం కింద అయస్కాంతం.
"ఎంత తొందరగా అయితే అంత మంచిది."
మంచివాడే. బల్ల మీద మనవరాలు చేసిన మట్టికప్ప ఉంది.
కానీ ఆ వాక్యానికి తలుపు ఒకవైపే తెరుచుకుంటుంది.

అడిగాను.
ఉన్న ఆ కాస్త వినికిడీ, పిడుగు పడితే ఉలిక్కిపడేంత, పోతుందా?
"పోవచ్చు."
పని చెయ్యకపోతే?
"చాలామందికి చేస్తుంది."
చాలామంది అంటే ఎంతమంది? చెయ్యడమంటే ఏమిటి?
కప్పను కాస్త పక్కకి జరిపాడు.
ఈలోగా మేం చేతులతో మాట్లాడొచ్చా?
ఇక్కడ మాత్రం కిటికీలోకి చూశాడు.
నిడెల్వా నది మీద మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి.
రెండు పొరల అద్దం. ఆ చప్పుడు మాకూ వినబడలేదు.
అతనూ నేనూ, నా ఒళ్లో ఎల్‌డ్రిడ్,
ముగ్గురం చూశాం.

బంధువులు తలో సలహా నా చెవిన వేశారు.
కోసేది నా చెవి కాదు.

ఆదివారం తోర్‌గున్ ఇంటికి వెళ్లాం.
గంట నొక్కితే వంటింట్లో దీపం ఆరి వెలిగింది.
డెబ్బై రెండేళ్లు. పడవలకి తెరచాపలు కుట్టి బతికిన మనిషి.
చిన్నప్పుడు బళ్లో చేతుల మీద కూర్చోబెట్టేవారట,
పెదవులు చదవడం రావాలని.
ఎలాగో చూపిద్దామని చేతులు తొడల కింద పెట్టుకుంది.
అంతే, కథ అక్కడ ఆగిపోయింది.
దుబాసీ అమ్మాయి కూడా ఊరుకుంది.
చేతులు బయటికి వచ్చాక ఒకే మాట:
"మీ పాప పాడైన రేడియో కాదు."

మెట్లు దిగుతూ హల్‌స్టైన్ అన్నాడు:
"మరి వెనకనించి బండి వస్తుంటే నేనెలా కేకెయ్యను?"
అతను ట్రామ్ నడుపుతాడు.
గంట కొట్టినా తప్పుకోనివాళ్లు అతని కలల్లోకి వస్తారు.
ఇద్దరి మాటా నిజమే.
అదే నన్ను నిద్రపోనివ్వలేదు.

సిండ్రెకి పదహారేళ్లు. రెండేళ్లప్పుడే పెట్టారు.
అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడతాడు, గిటారు కూడా వాయిస్తాడు.
బడి భోజనాల గదిలో మాత్రం, కుర్చీల గోలకి,
తీసి జేబులో వేసుకుంటాడట.
అప్పుడెలా అన్నాను.
భుజాలెగరేశాడు. "నాకు చేతులెవరూ నేర్పలేదు.
జేబులో పెట్టాక నేనొక్కణ్నే."
రసీదులో చోటు లేదు.
నిమ్మకాయల పక్కన, అంకెల మీదుగా రాశాను.

సంతకం పెట్టాం.
ధైర్యం వచ్చి కాదు, తోర్‌గున్ తప్పనీ కాదు.
ఆమెకి చెప్పడానికి దుబాసీ లేకుండా నేనే వెళ్లాను,
నా చేతకాని చేతులతో.
ఆపరేషన్ అనబోయి కత్తెర అన్నాను.
కోప్పడుతుందనుకున్నా.
చాలాసేపు కిటికీ వంక చూసింది.
తర్వాత నా బొటనవేలు పట్టుకుని, కాస్త వంచి,
ఇలా, అంది.
మంగళవారాలు రమ్మంది. ముగ్గుర్నీ.

ఏప్రిల్లో యంత్రం మొదటిసారి వెలిగించారు.
వీడియోల్లో పిల్లలు నవ్వుతారు.
ఇది నా మొహంలోకి చూసి
ఇదేంటన్నట్టు ఏడ్చింది.
ఎంత వింటుందో, విన్నది ఏమవుతుందో ఇంకా తెలీదు.
ఒకరోజు అడుగుతుంది, నన్నడక్కుండా ఎందుకని.
జవాబు లేదు.
రసీదు దాచాను.

రాత్రి స్నానానికి ముందు తీసేస్తాం.
చెవి వెనక ఎర్రటి అచ్చు తగ్గేదాకా వేలితో రాస్తాను.
నిన్న దీపం ఆర్పబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.
ఇంకా చెప్పాల్సింది ఉందట.
రెండు వేళ్లు ముక్కులా తెరిచి, మూసి, మళ్లీ తెరిచి:
రేవులో సీగల్ పిట్ట, దాని రొట్టె ఎత్తుకుపోయింది కదా, అదీ సంగతి.
మళ్లీ మొదట్నించి చెప్పింది.
దీపం అలాగే ఉంచాను.