అడుగు కనబడని నీళ్ళు

చొక్కా పైకెత్తి పడుకోమంది ఇంగ్‌విల్.
నవంబరు, మూడింటికే కిటికీ బయట చీకటి.
"చల్లగా ఉంటుంది, ఏమనుకోకండి హాల్వర్ గారూ" అంటూ
పక్కటెముకల కింద జిగురు పూసింది.
చల్లదనం గురించి నాకు చెబుతోంది!
లోఫోటెన్ గాలిలో, జనవరిలో,
చేతితొడుగుల్లేకుండా వల లాగినవాడికి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.
నలభైమూడేళ్ళు కాడ్ చేపల కడుపులు చించి
నా కాళ్ళ మీద నేను నిలబడ్డాను.
కార్జం చూడాలంటే కత్తి తప్ప దారి తెలీదు నాకు.
బొటనవేలితో తడిమితే చాలు,
మీగడ రంగులో వేలికి లొంగితే మంచి ధర,
ఎర్రగా చిక్కినదైతే పక్షులకి.
మా అన్న ఐనార్‌కి మాత్రం సూది గుచ్చి
అగ్గిపుల్లంత ముక్క తీశారు, బోడో ఆసుపత్రిలో.
రాత్రంతా కుడిపక్కకి ఒత్తిగిలి పడున్నాడు,
రేవులో కట్టేసిన పడవలా.

ఈ పిల్ల చేతిలో కత్తీ లేదు, సూదీ లేదు.
సబ్బుబిళ్ళంత పరికరం.
"గాలి పీల్చి బిగపట్టండి."
బిగపట్టాను.
తెర మీద బూడిదరంగు నీళ్ళు కదిలాయి.

ఇది నాకు తెలుసు!
నా పడవలో, చుక్కాని పక్కన, ఇలాంటి తెరే ఉంది.
చప్పుడు కిందికి వదులుతాం.
దేనికో తగిలి తిరిగొస్తుంది.
ఎంత ఆలస్యమైతే అంత లోతు.
చేపల గుంపు మబ్బులా,
దాని కింద రాతి అడుగు గట్టి గీతలా.

"ఇది మూత్రపిండం" అంది. నల్లగా ఉంది.
"దాని పక్కనే కాలేయం."
మెరుస్తోందమ్మా, బాగుంది, అన్నాను.
"మెరవకూడదు. రెండూ ఇంచుమించు ఒకే రంగులో ఉండాలి."

మరి అడుగేదీ?
ఆమె చేయి ఆగింది. "ఏ అడుగు?"
ఇక్కడ, కింద, ఒక గీత ఉండాలి కదా.
"ఉండాలి. కొవ్వు చప్పుణ్ణి దారిలోనే మింగేస్తోంది."
అని, కుర్చీ నా వైపు తిప్పి
ఒక పడవవాడు ఇంకో పడవవాడికి చెప్పినట్టు
మొత్తం మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది.

నీకు కొవ్వెక్కిందిరా అని
రేవులో నన్ను తిట్టనివాడు లేడు.
రుజువు చూపించింది ఈమె ఒక్కతే.

నేను తాగను. అదీ చెప్పాను.
తాగనివాళ్ళకీ వస్తుందట.
నిజమే, ఇప్పుడు వల లాగేది యంత్రం.
నేను కూర్చుని మీట నొక్కుతాను,
మధ్యమధ్య దాల్చినచెక్క రొట్టె కొరుకుతూ.

చేపకి మాత్రం కొవ్వు దారిబత్తెం.
కార్జంలో మూటగట్టుకుని ఉత్తరం నుంచి ఈదుకొస్తుంది,
గుడ్లు పెట్టేదాకా అదే కరిగించుకుంటుంది.
నేనెక్కడికి ఈదాలి?
"రోజుకో గంట నడవండి. ఆర్నెల్ల తర్వాత రండి."

జిగురు తుడుచుకుంటూ ఒకటడిగాను.
ఈ చప్పుడు లోపల దేనికైనా వినబడుతుందా?
లేదంది.
చెవులు రిక్కించి విన్నాను, నాకూ వినబడలేదు.
ఇన్నేళ్ళు నేను కిందికి పంపిన చప్పుళ్ళు
అక్కడెవరికైనా వినబడ్డాయేమో.
అది ఆమెనడిగి లాభం లేదు.

చీటీ మీద మే నెల తేదీ.
అప్పటికి చేపలన్నీ
చిక్కిన కార్జాలతో వెనక్కి మళ్ళి ఉంటాయి.
ఆసుపత్రి ముందు నుంచి రేవుకి బస్సుంది.
బొత్తాలు పెట్టుకుంటూ నిలబడి
బస్సుని పోనిచ్చాను.