శుక్రవారం చేప

మా నాయనమ్మ నాబ్లా ఉత్తరాన డొనెగాల్ రాళ్ళ మీంచి వచ్చింది,
ఎనిమిదేళ్ళప్పుడు, ఒళ్ళో గోడగడియారం పెట్టుకుని, బస్సులో.
మా తాత మురిష్ నైరుతి మూల కెర్రీ నుంచి.
ప్రభుత్వం ఇంటికి ఇరవై రెండెకరాలిచ్చింది
మీథ్ జిల్లాలో, సముద్రం వాసనైనా రాని చదును నేల మీద.
ఐరిష్ మాట్లాడేవాళ్ళందర్నీ ఒక్కచోట చేరిస్తే
ఐరిష్ బతుకుతుందని
ఎవరో బల్ల ముందు కూచుని అనుకున్నారు.

మొదటి ఆదివారం చర్చి గేటు దగ్గర
ఒకరు "గజే మారతా తూ" అన్నారట,
ఒకరు "కనస్ తీ" అన్నారట,
కనమారా నుంచి వచ్చిన బ్యార్ట్లె
"కే ఖీ విల్ తూ" అన్నాడట.
ముగ్గురూ అడిగింది ఎలా ఉన్నావనే.
ముగ్గురూ జవాబివ్వకుండా టోపీలు సర్దుకున్నారు.
ఆ తరవాత కంచె తగువూ, ఆవు ఈనిన సంగతీ
ఇంగ్లీషులోనే నడిచాయి.
అది ఎవరి సొంతమూ కాదు గనక
అందులో తప్పు పలికితే ఎవరికీ నామోషీ లేదు.

వీళ్ళిద్దరూ మాత్రం పెళ్ళి చేసుకున్నారు.

చూడమనడానికి ఆయన "ఫేఖ్" అనేవాడు, ఆవిడ "అవర్క్" అనేది.
వాన మొదలైనప్పుడు రెండూ ఒకేసారి వినపడేవి,
తీగ మీద బట్టలు తడిసేవి.

శుక్రవారం శుక్రవారం చేపల బండి.
హెర్రింగుకి ఐరిష్ అంతటా ఉన్నది ఒకే మాట,
అక్షరాలూ అవే.
తాత నోట్లో అది "స్కదా...న్".
బరువంతా వెనక్కి తోసి, ఆ దీర్ఘం మీద
పడవ చివర కూచున్నట్టు కూచునేవాడు.
నాయనమ్మ మొదటి అక్షరాన్నే గట్టిగా కొట్టి
"స్కదన్" అనేసేది.
మిగిలిన దీర్ఘాన్ని తోకతో పాటు కోసి పిల్లికి పడేసేది.
ఆయన గురువు పెట్టినచోట ఆవిడకి లఘువు.
"నీ చేప ఇంకా ఈదుతూనే ఉంది, పొయ్యి మీదికెప్పుడొస్తుంది?"
"నీ చేపకి తోకే లేదు, నేను తినను."
తినేవాడు. ముళ్ళు మాత్రం మిగిల్చేవాడు.

బళ్ళో ఆ మాట పలకమంటే
మా నాన్న దీర్ఘం సగం దాకా వెళ్ళి ఆగిపోయాడట.
మేష్టారు ఇద్దరిదీ తప్పే అన్నాడట.
నెల్లాళ్ళపాటు మా నాన్న దాన్ని ఉత్త "చేప" అన్నాడు.
నేనెలా పలుకుతానంటే,
గదిలో ఎవరున్నారో చూసుకుని.

ఫిబ్రవరిలో తాత పోయాడు.
బండి ఇంకా వస్తూనే ఉంది.

మొన్న డబ్లిన్ నుంచి ఫియాఖ్రా అనే కుర్రాడొచ్చాడు,
రికార్డరూ, బొమ్మల అట్టలూ పట్టుకుని.
పుట్టిందెక్కడని అడిగి, రాసుకున్నాడు: ఉత్తరం.
బంగాళాదుంప బొమ్మ. ఉత్తరపు మాటే వచ్చింది.
చొక్కా బొమ్మ. ఉత్తరమే.
కుర్రాడి మొహం విప్పారింది.
హెర్రింగు బొమ్మ తీశాడు.

"స్కదా...న్" అంది నాయనమ్మ.

కాయితం చూసుకున్నాడు.
కళ్ళు ఆనలేదేమో అని అట్ట కాస్త ముందుకి జరిపాడు.
"స్కదా...న్."
ఈసారి దాని మీద ఇంకొంచెం సేపు కూచుంది.
నేను కెటిల్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను.

అతను గడిలో పెన్సిలుతో
చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు.
"మీ వైపు వాళ్ళు అలా అనరు కదండీ?"
"అనరు" అంది.
"కెర్రీ వాళ్ళకి ఒక మాట మొదలెడితే
ఎక్కడ ఆపాలో తెలీదు. అదీ రాసుకో.
టీలో పాలు పొయ్యమంటావా?"