లస్కరు ఆట

మా లొల్ల పిల్లలు మాటలకన్నా ముందు
"ఆయ్" అనడం నేర్చుకుంటారు.
దారి అడిగినవాడికి ఆయ్,
దాహం అడిగినవాడికి ఆయ్.
ఇప్పుడు అరచేతిలో వెలిగే పలక వెనక నుంచి
మొహం లేనివాడెవడో పిలిచినా
ఆయ్ అనే అంటారు.

అందుకే ఈ ఆట.

బడిలో కంప్యూటర్లు రెండు.
ఒకదానికి మౌసు లేదు, రెండోదాంట్లో చీమలు.
పూతరేకుల పెట్టెల మూతలు కత్తిరించి
ముప్పై రెండు చీట్లు చేశాను.
నెయ్యి మరకల మీద స్కెచ్ పెన్ను సరిగా పారలేదు.
"డైమండ్లు ఫ్రీ, ఓటీపీ చెప్పు చాలు."
"మీ మావయ్య ఫ్రెండుని, ఇంట్లో ఎవరున్నారు?"
"లింకు నొక్కు, సైకిలు గెలుచుకో."

వరండాలో సుద్దముక్కతో కాలవ గీశాం.
అడ్డంగా రెండు చీపురుకర్రలు: పై తలుపు, కింది తలుపు.
చీటీ తీసినవాళ్ళు పడవ.
కర్రలు పట్టుకున్నవాళ్ళు లస్కరు.

మా నాన్న ముప్పయ్యేళ్ళు ఈ లాకుల మీదే లస్కరు.
పడవలు మానేసి ఉత్త గుర్రపుడెక్క కొట్టుకొచ్చే రోజుల్లోనూ
చక్రానికి గ్రీజు రాసి పెట్టేవాడు.
"పై తలుపు తీశావా, కింది తలుపు మూసుండాలి.
రెండూ ఒకేసారి తీస్తే
అది లాకు కాదమ్మా, గండి."

ఆటకీ అదే సూత్రం.
లోపలికొచ్చిన పడవ రెండు తలుపుల మధ్య ఆగాలి.
ఆగినంతసేపట్లో లస్కరు
గట్టు మీది పెద్దవాళ్ళలో ఒకర్ని కేకెయ్యాలి.
కేకెయ్యకుండా ఆయ్ అన్నాడా, ఊరు మునిగినట్టే.

మొదటివారం రోజుకి ఆరుసార్లు మునిగాం.
సైకిలు కోసం ఊరిని రెండుసార్లు ముంచిన మోక్షిత్
మూడోసారి, దానికి బెల్లు కూడా ఉంటుందా అనడిగాడు.

గురువారం తాతాజీ పడవ.
లస్కరు షారోను.
వాడు చీటీ చూడలేదు.
గొంతు రేకులా పల్చగా చేసి
"నువ్వు మంచోడివి కదా.
ఇది మనిద్దరి మధ్యే.
మీ అమ్మకి చెప్పావో,
ఆ ఫొటో ఊరందరికీ వెళ్తుంది" అన్నాడు.

భలే చేశాడని పిల్లలు చప్పట్లు కొట్టారు.
షారోను నవ్వలేదు. రెండు కర్రలూ బిగబట్టుకుని
నావైపు తిరిగి "టీచరండీ!" అని కేకేసింది.

ముప్పై రెండు చీట్లూ నేను రాసినవే.
ఆ మాట వాటిలో లేదు.
ఎదురుగా ఉన్నది ఆడపిల్ల, వాడు "మంచోడివి" అన్నాడు.
చేతిలో చీటీ తలకిందులుగా ఉంది.

బడి విడిచాక చీట్లు ఏరుతూ ఉండిపోయాడు.
పెద్దవి కింద, చిన్నవి పైన, మళ్ళీ చిన్నవి కింద.
వాళ్ళమ్మ మస్కట్‌లో ఎవరింట్లోనో వంట చేస్తుంది.
రాత్రి తొమ్మిదిన్నరకి ఆ ఫోనులోకి వస్తుంది.
"చెప్తే ఫోను లాగేసుకుంటారండి.
అందులోనే కదండీ మా అమ్మ ఉండేది" అన్నాడు నేలకేసి చూస్తూ.

వరద రాత్రి గట్టు చెమర్చడం చూసి అరిచినవాణ్ణి
నువ్వెందుకు తడిశావని ఎవరూ తిట్టరు,
ఇసక బస్తాలెత్తుకుని పరిగెడతారు.
ఇదంతా వాడికి చెప్పానో లేదో గుర్తులేదు.
ఫోను లాక్కోనని మాత్రం చెప్పాను.

రావులపాలెం స్టేషనుకి నా స్కూటీ మీదే వెళ్ళాం,
ముందు నేను, వెనక వాళ్ళ అమ్మమ్మ, మధ్యలో వాడు.
ఎస్సైగారు ఆ మాటలన్నీ ఒక్కొక్కటే చదువుతుంటే
అమ్మమ్మ వాడి చెవి మెలెయ్యబోయి
ఆ చెయ్యే తల మీద పెట్టి ఊరుకుంది.

ఆ రాత్రి ముప్పై మూడో చీటీ రాశాను,
మరక లేని మూత వెతికి మరీ:
"తలుపు విరిగిందని చెప్పినవాళ్ళకి మార్కులు తగ్గవు."

సోమవారం అడిగాను,
"తాతాజీ, ఇవాళ లస్కరువి నువ్వేనా?"
ఆయ్ అంటాడనుకున్నాను.
కర్రల వంక చూశాడు, షారోను వంక చూశాడు.
"కొంచెం ఆలోచించుకుని చెప్తానండి" అన్నాడు.